వరసలో ఎన్నో పేరు

నెల్లూరు జిల్లా వింజమూరులో బాడుగిల్లు కావాలంటే బోర్డులు వెతికి లాభం లేదు. టీ అంగట్లో చెప్పాలి, మందుల షాపులో చెప్పాలి, బడి పిల్లల్ని తీసకపోయే ఆటో అబ్బాయికి చెప్పి పెట్టుకోవాలి. ఫలానా వీధిలో రెండు రూములు ఖాళీ అయినాయంట అని కబురొస్తే ఆ పూటే పోయి నిలబడాలి. ఇంటామె గడప లోపలే ఉండి మాట్లాడుతుంది. ఎంతమంది ఉంటారు, ముసిలోళ్లున్నారా, మీ ఆయన ఏడ పనిచేస్తాడు, నీళ్లు జాస్తి వాడకూడదమ్మా, ఎండాకాలం బోరు అందదు... ఇవన్నీ అయినాక గొంతు తగ్గించి "ఇంతకీ మీరెవురమ్మా?" అంటుంది. పేరు చెబితే చాలదని ఇద్దరికీ తెలుసు. కులం చెప్పినాక ఒక్క క్షణం మాట ఆగుతుంది. ఆ క్షణంలోనే ఇల్లు వచ్చేదీ రానిదీ తేలిపోతుంది. రాదనుకుంటే "మా అల్లుడోళ్లు వస్తామన్నారు, మళ్లా కబురు చేస్తాం" అంటారు. ఆ కబురు రాదు.

ఈ ఊరికి బాడుగకు వచ్చేవాళ్లు ఎవరో మెట్ట ప్రాంతం తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దుత్తలూరు, కొండాపురం, వరికుంటపాడు పక్క పల్లెల్లో వాన నమ్ముకొని బతకలేక మగవాళ్లు బేల్దారి పనికి హైదరాబాదుకో బెంగళూరుకో పోతారు, కొందరు గల్ఫుకు పోతారు. పిల్లల చదువు కోసం భార్య వింజమూరులో రెండు గదులు తీసుకుంటుంది. వెంట అత్తో అమ్మో ఉంటుంది. భర్త పంపే డబ్బులో మొదట పోయేది బాడుగ. ఆయన అక్కడ ఇంకొకరి కోసం పది అంతస్తులు లేపుతూ రేకుల షెడ్డులో పడుకుంటాడు. ఊళ్లో అతనికి తాతలనాటి పూరిల్లు ఒకటి ఉండొచ్చు, సగం గోడలే మిగిలి ఉండొచ్చు. వీళ్లు నిరాశ్రయులు కారు, యజమానులూ కారు. పదేళ్లో పన్నెండేళ్లో, పిల్లలు చదువు ముగించేదాకా, పరువుగా ఉండేందుకు ఒక కప్పు కావాలి వీళ్లకు. అది అడగడానికి మన ప్రభుత్వంలో ఒక కిటికీ లేదు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మనకు ఇళ్ల పథకాలు లేవని కాదు, మన రాష్ట్రంలో ఉన్నన్ని చాలాచోట్ల లేవు. గృహనిర్మాణ సంస్థ 1979లో పుట్టింది. ఎన్టీఆర్ కాలంలో పక్కా ఇళ్లు, 2006లో ఇందిరమ్మ ఇళ్లు, 2020 డిసెంబరు 25న మొదలైన పేదలందరికీ ఇళ్లు. ఆ చివరి పథకంలో ముప్పై లక్షలకు పైగా పట్టాలిచ్చారు, పదిహేడు వేల కాలనీలు వేశారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2025 జనవరిలో దాన్ని పల్లెకు మూడు సెంట్లు, పట్టణానికి రెండు సెంట్లు చేసింది. ఏ పార్టీ వచ్చినా ఇచ్చేది స్థలం, పట్టా, ఇంటి బిల్లు. ఇల్లంటే సొంతిల్లే అని ప్రభుత్వాలూ మనమూ కలిసి ఖాయం చేసుకున్నాం. ఆ ఆశను నేను తక్కువ చేయను. నాలుగు తరాలు ఒకరి పొలంలో పనిచేసిన కుటుంబానికి ఆడబిడ్డ పేరు మీద డెబ్భై రెండు గజాల కాగితం రావడం ఎంత పెద్ద సంగతో ఆ కాగితాన్ని బీరువాలో బట్టల కింద దాచుకున్న చేతులను చూస్తే తెలుస్తుంది.

అయితే పట్టా ఒక్కసారి ఇచ్చేది. ఇచ్చిన రోజుతో ప్రభుత్వం లెక్కలో ఆ కుటుంబం సమస్య తీరిపోయినట్టు. లేఅవుటు ఊరికి దూరంగా ఉన్నా, నీళ్లు రాకపోయినా, బేస్మెంట్ దగ్గరే పని ఆగినా, పేరు మాత్రం ఇళ్లున్నవాళ్ల పుస్తకంలోకి ఎక్కేసింది. రాష్ట్రంలో ఎక్కడా ఇల్లు గానీ స్థలం గానీ ఉండకూడదన్నది అర్హతలో మొదటి మాట కాబట్టి ఆ కుటుంబం ఇంకో జాబితాలో చేరే దారి లేదు. అలా పట్టా ఉండీ బాడుగింట్లో కాపురం చేస్తున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఇంకోపక్క, కట్టుకున్న ఇంటికి తాళం వేసి వలసపోయిన వాళ్లున్నారు. ఇంటి అవసరమూ ఖాళీ ఇల్లూ ఒకే మండలంలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ఇంకొకదానికి ఉపయోగపడదు.

కేంద్రం పథకం సంగతి ఇంకా ఆలోచించదగ్గది. 2016 నవంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌కు నిజంగానే ఒక నిరీక్షణ జాబితా ఉంది. దాన్ని శాశ్వత నిరీక్షణ జాబితా అనే అన్నారు. 2011 సామాజిక ఆర్థిక కులగణన ఆధారంగా తయారుచేసి గ్రామసభలో చదివి ఖాయం చేయాలన్నది నియమం. ఇల్లే లేనివాళ్లు, మట్టిగోడలతో ఒకటి రెండు గదుల్లో ఉన్నవాళ్లు అందులో ఉంటారు. నేను ఆ నియమాలు చదివేటప్పుడు ఒకచోట ఆగిపోయాను. స్కూటరుంటే పేరు తీసేయాలి, ఫ్రిజ్ ఉంటే తీసేయాలి, ల్యాండ్‌లైన్ ఫోనున్నా తీసేయాలి. ఇలాంటివి అప్పట్లో మొత్తం 13. అందులో కొన్నిటిని 2024లో సడలించారు. అంటే అంతకుముందు ఎనిమిదేళ్లు ఒక పాత ఫ్రిజ్జు ఒక కుటుంబాన్ని ఇంటి వరస నుంచి తప్పించగలిగింది. ఇంకొకటి ఎవరూ పెద్దగా మాట్లాడనిది. ఆ లెక్క చూసేది నువ్వుంటున్న గోడలు మట్టివా సిమెంటువా అని. సిమెంటు గోడల మధ్య బాడుగకున్న మనిషి పక్కా ఇంట్లో ఉన్నట్టే లెక్క. నెల మొదటి తారీకున ఆ గోడల కోసం ఆమె ఏం కడుతోందో, యజమాని కొడుక్కి పెళ్లి కుదిరితే ఆ గోడలు వదిలి ఎక్కడికి పోతుందో ఆ గణనలో కనపడదు.

పట్టణాల్లో రాష్ట్ర ప్రభుత్వం టిడ్కో పేరుతో కట్టిన ఇళ్లు అపార్టుమెంట్లే. మా జిల్లాలో నెల్లూరు వెంకటేశ్వరపురంలో, అల్లీపురంలో ఆ బ్లాకులున్నాయి. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు. అవీ సొంతానికే, పెద్ద ఫ్లాట్లు బ్యాంకు రుణం మీద. రాష్ట్రంలో చాలాచోట్ల ఫ్లాటు తాళం చేతికి రాకముందే వాయిదాల నోటీసు వచ్చింది. ఒక చేత్తో బాడుగ, ఇంకో చేత్తో చూడని ఇంటికి వాయిదా. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఉచితంగానే ఇచ్చారు. హైదరాబాదు దగ్గరి కొల్లూరులో ఒక్కచోటే 15,660 కట్టారు. అయితే హైదరాబాదు పరిధిలో చాలామందికి అవి లాటరీలో వచ్చాయి. లాటరీ నిష్పక్షపాతమైనదే. కాని లాటరీలో రానివాళ్లకు తర్వాతి సంఖ్య ఉండదు. ఐదేళ్లు ఆగినవాడికి, నిన్న దరఖాస్తు పెట్టినవాడికి అందులో తేడా లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పేదవాడి దగ్గర ఖర్చు పెట్టగలిగిన ఆస్తి కాలమొక్కటే, ఆ కాలానికి లాటరీ విలువ కట్టదు.

బాడుగకిచ్చే సర్కారు ఇల్లు, దానికొక వరస, మనకు పూర్తిగా తెలియనిదేం కాదు. బిట్రగుంటను చూడండి. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డు అక్కడిది. మా మేనమామ ఒకాయన అందులో ఫైర్‌మన్. చేరగానే క్వార్టర్ రాలేదు. సీనియారిటీ లిస్టులో పేరు రాసుకున్నారు, ఆయన ఆగినాడు. ఆఫీసుకు పోయినప్పుడల్లా నోటీసు బోర్డు మీద తన ముందు ఎంతమంది ఉన్నారో చూసుకొని వచ్చేవాడంట. ఆగినంత కాలం కోపంగా ఉండిందా అని నేనడిగితే, "కోపమెందుకబ్బయ్యా, నా పేరు కనపడతా ఉందిగా" అన్నాడు. తర్వాత క్వార్టర్ వచ్చింది, జీతంలో ఇంటద్దె భత్యం ఆగిపోయింది, కొద్దిపాటి ఫీజు పట్టుకునేవాళ్లు. అక్కడే ముగ్గురు పిల్లలు పెరిగారు. పక్కింట్లో గూడూరాయన, ఎదురింట్లో తమిళాయన, ఎవరిది ఏ కులమని అడిగి క్వార్టర్ ఇయ్యలేదు. రిటైరైనాక ఖాళీ చేసి ఊరొచ్చేశాడు. ఆ ఇంట్లోకి లిస్టులో తర్వాతి పేరున్న కుటుంబం దిగింది. ఒకే కప్పు ఒకరి తర్వాత ఒకరికి ఎన్ని కుటుంబాలకు ఉపయోగపడిందో లెక్కేసుకుంటే, పట్టా చేయలేని పని ఏదో తెలుస్తుంది.

ఉద్యోగికి ఉన్న ఈ ఏర్పాటు కూలి చేసుకునేవాడికి ఎందుకు లేదు? ఒకప్పుడు ఉండాలనే అనుకున్నారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినాక 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు పేటలు తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే చిన్న ఇళ్లు కట్టి సామాన్యులకు బాడుగకిచ్చింది. స్వతంత్రం వచ్చినాక 1952లో కేంద్రం కార్ఖానా కార్మికులకు తక్కువ బాడుగ ఇళ్ల పథకం తెచ్చింది. రానురాను మరమ్మతులు నిలిచాయి, బాడుగలు వసూలు కాలేదు, చివరికి ఉన్నవాళ్లకే అమ్మేయడం సులువైంది. ఇంగ్లండులో కూడా 1980 చట్టంతో కౌన్సిల్ ఇళ్లు కాపురమున్నవాళ్లకు అమ్మారు. కొన్నవాళ్లు బాగుపడ్డారు, నిజమే. ఇప్పుడు అక్కడ దాదాపు 13 లక్షల కుటుంబాలు వరసలో ఉన్నాయి. అమ్మిన ఇంటికి తర్వాతి పేరు ఉండదు.

అమ్మకుండా ఉంచుకున్న ఊరు వియన్నా. మొదటి ప్రపంచ యుద్ధం అయినాక ఆకలితో, క్షయతో ఉన్న నగరం అది. ధనికుల మీద పన్ను వేసి 1934లోగా అరవై వేలకు పైగా ఇళ్లు కట్టింది. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హాఫ్ అనే ఒక్క భవనంలోనే 1,382 ఇళ్లు. ఈనాటికీ రెండు లక్షలకు పైగా ఇళ్లకు నగరమే యజమాని. బాడుగ ఒప్పందానికి గడువుండదు. స్టాక్‌హోమ్‌లో పద్దెనిమిదేళ్లు నిండగానే పేరు నమోదు చేసుకుంటారు. సగటున తొమ్మిదేళ్ల ప్రాంతం పడుతుంది. అది చాలా ఎక్కువే, అక్కడివాళ్లు దాని మీద తిట్టుకుంటారు కూడా. అయినా ఎన్ని రోజులు ఆగినాడో ఆ మనిషి పేరు పక్కన జమవుతూ పోతుంది, ఇల్లు ఖాళీ అయినప్పుడు ఎక్కువ రోజులున్నవాడిదే ముందు. హాంకాంగులో 1953 క్రిస్మస్ నాటి రాత్రి షెక్ కిప్ మే గుడిసెలు తగలబడి 50 వేల మందికి పైగా వీధిన పడ్డారు. ఆ తర్వాతే అక్కడి సర్కారు బాడుగ ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. మంట అంటుకున్నాకే మేలుకోవాలా అని నాకనిపిస్తుంది. మన మెట్టలో మంట అంటుకోదు, ఊళ్లు మెల్లగా ఖాళీ అవుతాయి, అది ఎవరికీ వార్త కాదు.

సర్కారు యజమాని అయితే అంతా బాగుంటుందని నేననడం లేదు. దానికి మన తెలుగువాళ్ల కథే సాక్ష్యం. దక్షిణాఫ్రికా డర్బనులో మునిసిపాలిటీ పనివాళ్లుండిన మ్యాగజైన్ బ్యారక్స్‌లో ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్లు. చెరుకు తోటల కోసం ఓడలెక్కి పోయినవాళ్ల పిల్లలు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం జాతిని బట్టి ఎవరెక్కడ ఉండాలో గీతలు గీసింది. 1960లలో ఆ బ్యారక్స్ జనాన్ని, కాటో మనోర్ భారతీయులను ఛాట్స్‌వర్త్‌కు తరలించారు. నగర కౌన్సిలే ఇంటి యజమాని, నెలనెలా బాడుగ. అక్కడి ఇళ్ల జాబితాలో పేరుండటం హక్కు కాదు, శిక్ష. స్వేచ్ఛ వచ్చినాక కూడా బాడుగ బాకీ ఉందని అదే ఛాట్స్‌వర్త్ ఫ్లాట్ల నుంచి కుటుంబాలను వెళ్లగొట్టబోతే, నీళ్లు ఆపేస్తే, జనం మెట్ల మీద అడ్డంగా కూర్చున్నారు. జాతి వివక్ష మీద పోరాడిన ఫాతిమా మీర్ లాంటి పెద్దామె వాళ్ల పక్క నిలబడింది. కాబట్టి జాబితా ఉండటమొక్కటే చాలదు. ఎవరు రాస్తారు, ఏం చూసి రాస్తారు, రాసింది ఎవరికి కనపడుతుంది అన్నదే అసలు సంగతి.

నేను ఇంతగా పట్టుబట్టడానికి వెనక ఒక చావు ఉంది. ఊరు, వీధి చెప్పను. బాడుగింట్లో ఉన్న ఒక ముసలమ్మకు ఊపిరి అందడం లేదు. ఇంటాయన చెడ్డవాడు కాదు, మందులకు డబ్బు కూడా సర్దినాడు. కానీ సాయంత్రానికి వచ్చి చేతులు జోడించి అడిగినాడు, అమ్మను మీ పల్లెకు తీసకపోండి అని. నక్షత్రం బాగాలేదని పంతులు చెప్పినాడు, ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలి, ఆ బాడుగే ఆయనకు ఆధారం. ఆయన భయం నిజమైనది, నమ్మకం నిజమైనది. ఆ రాత్రి ఆటోలో, కూతురి ఒళ్లో తలపెట్టుకొని, గుంతల రోడ్డు మీద ఆమె పల్లెకు పోయింది. కప్పు లేని పాత ఇంటి అరుగు మీద పడుకోబెట్టారు. తెల్లవారక ముందే పోయింది. మనిషి సొంతిల్లు లేకుండా బతకొచ్చేమో గానీ చచ్చేందుకు కూడా సొంతిల్లు ఉండాలనడం నాకు మింగుడు పడదు. అలాంటి రోజు పంచాయతీ బాడుగకిచ్చిన ఇంట్లో ఉన్నామె అక్కడే, తన మంచం మీదే పోతుంది. పంచాయతీకి నక్షత్రాల భయం ఉండదు. పురుడుకు, శవానికి, ఒంటరి ఆడమనిషికి, ఏ కులానికైనా తలుపు మూసుకోని ఇల్లు ఏదైనా ఉంటే అది అందరిదీ అయిన ఇల్లే.

2020లో లాక్‌డౌన్ నాడు వలస కూలీలు రోడ్ల వెంట నడిచి వచ్చినాక కేంద్రానికి బాడుగ ఇళ్ల ఆలోచన మళ్లీ వచ్చింది. ఆ జులైలో పథకం ఆమోదించారు. కట్టి ఖాళీగా పడివున్న సర్కారు ఇళ్లను పాతికేళ్లకు బాడుగకిమ్మన్నారు. చండీగఢ్, సూరత్ లాంటి కొన్నిచోట్ల ఇచ్చారు. 2024లో వచ్చిన పట్టణ ఆవాస్ రెండో విడతలో కూడా బాడుగ ఇళ్లకు ఒక భాగం పెట్టారు. ఇదంతా పట్టణం లెక్క. గ్రామీణ్ పథకంలో బాడుగ అనే ఊసే లేదు. వింజమూరు, కలిగిరి, ఉదయగిరి లాంటి మండల కేంద్రాలకు చుట్టూ పల్లెల జనమంతా చేరుతున్నారు, కాని వాటి పేరు ఎవరి లెక్కలోనూ సరిగా పడదు. మన దేశంలో బాడుగకున్న కుటుంబాలు 2011 జనాభా లెక్కల్లో నూటికి 11, పట్టణాల్లో 27 పైన. అదే సంవత్సరం పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. కట్టడం తెలియక కాదు మన ఇబ్బంది.

బాడుగ ఎవరు వసూలు చేస్తారు, కారే కప్పు ఎవరు బాగు చేస్తారు, పార్టీవాళ్లు తమవాళ్లకే ఇచ్చుకోరా అని అడుగుతారు. అడగాల్సిందే. కానీ ఆ ప్రశ్నకు జవాబు మా పక్క మండలంలోనే ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా అంగడి మూయించి, రాష్ట్రమంతా కదిలించి, 1993లో సారాను నిషేధింపజేశారు. ఆ వెనుకే ఈ జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. రోజుకొక రూపాయి దాచి, పైసా తేడా రాకుండా పుస్తకం రాసిన చేతులు అవి. ఊళ్లో పాతికో యాభయ్యో సర్కారు బాడుగిళ్లు కట్టి, బాడుగ లెక్క, మరమ్మతు లెక్క ఆ సంఘాలకిస్తే జరగదని ఎవరంటారు? బాడుగ సంపాదనలో ఇంత భాగానికి మించకూడదని ముందే రాసిపెట్టాలి. బాడుగింట్లో ఉన్నందుకు రేపు పట్టా వరసలో పేరు పోదని కూడా రాసిపెట్టాలి. ఖాళీ చేసినప్పుడు ఇల్లు సంఘానికి, సంఘం నుంచి తర్వాతి పేరుకు పోవాలి.

ఇళ్ల మీద గ్రామసభ పెట్టినప్పుడు మనలో చాలామంది పట్టా వచ్చిందా లేదా అని మాత్రమే చూసుకొని లేచి వస్తాం. ఈసారి కాసేపు కూర్చోండి. బాడుగకున్న మీ ఎదురింటామెను వెంటబెట్టుకొని పొండి. బాడుగ ఇళ్లు కావాల్సినవాళ్ల కోసం గ్రామ సచివాలయంలో ఒక రిజిస్టరు తెరవమని తీర్మానం రాయించండి. ఇళ్లు ఇంకా కట్టలేదు కదా అంటే, పేర్లు ముందు రాయండి, ఎంతమందికి కావాలో తెలిస్తేనే ఎన్ని కట్టాలో తెలుస్తుందని చెప్పండి. దరఖాస్తు పెట్టిన తేదీ, కుటుంబంలో ఎంతమంది, వరసలో ఎన్నో పేరు, ఈ మూడూ రాసిన కాగితం సచివాలయం గోడకు అందరికీ కనపడేలా అంటించమనండి.